ముందు ఆటల పీరియడ్ సంగతి చూడండి, ఫోన్ సంగతి తర్వాత

"మా బాబుకు ఏడేళ్లు. మా ఇద్దరికీ మైనస్ పవర్ ఉంది. ఫోన్ పూర్తిగా మాన్పిస్తే వాడికి సైట్ రాకుండా ఉంటుందా?" అని అడిగారు. మాన్పించండి, మంచిదే. కానీ ఫోన్ చూసే ఆ సమయమంతా వాడు గదిలోనే కూర్చుని బొమ్మలు వేసుకుంటే ఒరిగేది తక్కువ. వాడికి కావాల్సింది పగటి వెలుతురు.

మా అమ్మాయికి కళ్లజోడు వచ్చినప్పుడు డాక్టరమ్మ ఫోన్ ఊసు ఎత్తకుండా "రోజుకు ఎంతసేపు బయట ఉంటుంది?" అని అడిగింది. అది నా బుర్రలో అలా ఉండిపోయింది. తర్వాత పేరెంట్స్ మీటింగ్‌కు వెలుతురు కొలిచే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని మరీ వెళ్లాను. "పరువు తీయకండి" అని మా ఆవిడ గొణుగుతూనే ఉంది. అమ్మాయి కూర్చునే బెంచీ మీద పెడితే 230 లక్స్ (వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు). ట్యూబ్‌లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఎండ పడుతోందని కిటికీ అద్దాలకు చార్టులు అంటించేశారు, మొక్కలకు వెలుతురు ఎందుకు అవసరమో చెప్పే చార్టుతో సహా! అదే ఫోన్ పట్టుకుని కిందికి దిగి చెట్టు నీడలో నిలబడితే 7,000 దాటింది. గుర్తుంచుకోండి, అది నీడే. పైకి వచ్చి క్లాస్ టీచర్‌కు చూపిస్తే "నిజమే సార్, కానీ సిలబస్ కాలేదు. పీటీ పీరియడ్ కొన్నాళ్లు లెక్కలకు తీసుకున్నాం" అంది. ఆ "కొన్నాళ్లు" పరీక్షలయ్యేదాకా నడిచింది. లెక్కల పీరియడ్‌ను ఆటలకిచ్చిన బడి ఎక్కడైనా ఉంటే చెప్పండి, చూసొస్తాను.

వెలుతురుకూ సైట్‌కూ ఏమిటి సంబంధం అంటారా? కనుగుడ్డు వెనక్కి సాగడం వల్లే సైట్ వస్తుంది. 1 మిల్లీమీటరు ఎక్కువ సాగితే చాలు, రెండున్నర పవర్ దాకా పెరుగుతుంది. గట్టి వెలుతురు పడితే కంటి వెనక ఉండే రెటీనా పొరలో డోపమైన్ అనే రసాయనం విడుదలై ఆ సాగుడుకు కళ్లెం వేస్తుందని కోడిపిల్లల మీద ప్రయోగాలు చేసి చూశారు.

"మా ఇద్దరికీ ఉంది కదా" అన్నారు కాబట్టి ఇది వినండి. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉన్న చైనా సంతతి పిల్లల్ని, ఆరేడేళ్ల వాళ్లని పోల్చి 2008లో ఒక పరిశోధన అచ్చువేశారు. సైట్ ఉన్న తల్లిదండ్రుల శాతం రెండు చోట్లా దాదాపు ఒకటే. పిల్లల్లో మాత్రం సింగపూర్‌లో 29 శాతానికి సైట్ ఉంటే సిడ్నీలో 3 శాతం చిల్లర. పుస్తకాలు ఎక్కువ చదివింది సిడ్నీ పిల్లలే! వాళ్లు వారానికి దాదాపు 14 గంటలు బయట గడిపితే, సింగపూర్ పిల్లలు 3 గంటలు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఇంకో అడుగు ముందుకేసి, ఒకటో తరగతి పిల్లలకు బడిలోనే రోజూ 40 నిమిషాలు అదనంగా బయట క్లాసు పెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి ఆ బళ్లలో 30.4 శాతం మందికి సైట్ వచ్చింది, మామూలు బళ్లలో 39.5 శాతానికి. తైవాన్ అయితే 2010 నుంచే రోజుకు 120 నిమిషాలు బయట ఉంచమని బళ్లకు చెబుతోంది. మన చర్చ ఇంకా ఫోన్ దగ్గరే ఉంది.

మీవాడికి ఇంకా రాలేదు కాబట్టి బయట తిప్పడానికి ఇదే సరైన సమయం. వచ్చేశాక ఇది అంతగా పనిచేయదు, అప్పుడు పవర్ త్వరగా పెరగకుండా వేసే తక్కువ మోతాదు అట్రోపిన్ కంటిచుక్కల్లాంటివి డాక్టర్ చూసుకోవాలి. రోజుకు రెండు గంటలు, ఒకేసారి కాకపోయినా సరే. పరుగులే పెట్టక్కర్లేదు, చెట్టు కింద కథల పుస్తకం చదువుకున్నా ఏమీ లేకపోవడం కన్నా నయం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు టోపీ పెట్టండి. జోడు పెట్టుకుంటేనే పవర్ పెరుగుతుందని చెప్పే చుట్టాల మాట చెవిన వేసుకోకండి. ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేసి చేసే పరీక్ష చేయించండి. చుక్కలు వేయకుండా చూస్తే చిన్నపిల్లల్లో లేని మైనస్ కూడా కనిపిస్తుంది.