తమ్ముడితో గొడవ, సూర్యుడి మీద నింద

ప్రశ్న: నాకు 41. పెళ్ళి చేసుకోలేదు. ఆర్నెల్లుగా రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టట్లేదు, ఒకటే ఆలోచన. ఎప్పటికైనా ఈ భూమిని సూర్యుడు మింగేస్తాడట కదా, ఇక బతుక్కి అర్థం ఏంటి? నా తర్వాత నావాళ్ళంటూ ఎవరూ లేనప్పుడు మనుషులు ఉంటే నాకేంటి, పోతే నాకేంటి?

జవాబు: ముందు సూర్యుడి సంగతి తేల్చేద్దాం. ఆయనకి ఇంకో 500 కోట్ల ఏళ్ళు టైముంది, ఇక్కడి సముద్రాలు ఆవిరవ్వడానికే ఓ 100 కోట్ల ఏళ్ళు పడుతుందని అంచనా, మనిషి పుట్టి చూస్తే మహా అయితే 3 లక్షల ఏళ్ళు. మీరూ నేనూ చేసేదేం లేదు, వదిలేయండి.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడో పేజీలో, పనిలో పనిగా చెప్పేసినట్టు ఒక ముక్క రాశారు. రెండేళ్ళ కిందట అమ్మ విషయంలో మాటా మాటా పెరిగి తమ్ముడు "పిల్లల్లేని దానివి, రేపటి గురించి నీకేం తెలుస్తుంది" అన్నాడు, అప్పట్నుంచి రాకపోకల్లేవు అని. ఇప్పుడు నన్నడిగిన ప్రశ్న ఇంకోసారి చదువుకోండి. వాడి మాటే కదమ్మా అది! రెండేళ్ళు మనసులో నానబెట్టి, దానికి సూర్యుణ్ణి తగిలించి నాకు పంపారు.

ఆ మాట నిజమైతే సరే అనుకోవచ్చు, నిజం కూడా కాదు. సామ్యూల్ షెఫ్లర్ అని అమెరికాలో ఒక ఫిలాసఫర్ ఉన్నాడు, ఆయన ఓ ఊహ చెప్తాడు. మీరు నిండుగా బతుకుతారు, కానీ మీరు పోయిన 30 రోజులకి భూమి మొత్తం నాశనమైపోతుందని ముందే తెలిసిందనుకోండి. మీకొచ్చిన నష్టం లేదు, మీరు చూడరు కూడా. అయినా రేపు పొద్దున లేచి ఏ పనైనా చేయబుద్ధేస్తుందా? నాకైతే వేయదు, నాకు తెలిసి పిల్లలున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఇందులో తేడా లేదు. మశూచి పోయిందని 1980లో ప్రకటించారు, ఇప్పటి పిల్లలకి దాని పేరే తెలీదు, అప్పట్లో ఇల్లిల్లూ తిరిగి టీకాలేసినవాళ్ళలో ఎవరికి సంతానం ఉందో ఎవరికి లేదో ఎవరైనా అడిగారా?

ఇంకోటి, ఉత్తరంలో మేనకోడలి పేరు ఐదుసార్లొచ్చింది, మీరు లెక్కపెట్టుకుని ఉండరు. ఆ పిల్ల లెక్కల నోటుబుక్కు మీ సొరుగులోనే ఉందన్నారు, భిన్నాల చాప్టర్లో సగం దాకా మీ ఎర్ర పెన్ను టిక్కులు, ఆ తర్వాత తెల్లకాగితాలు. నావాళ్ళంటూ ఎవరూ లేరని రాసిన చెయ్యే ఇది కూడా రాసింది.

పెద్దదానివి, సర్దుకుపో అని మాత్రం నేను చెప్పను. అలా చెప్పేవాళ్ళు మీకు ఇప్పటికే చాలామంది ఉండుంటారు. ఆ మాటకి వాడు సిగ్గుపడాల్సిందే. కాకపోతే రెండేళ్ళు నోరు మూసుకుని కూర్చోవడాన్ని మీరు ఆత్మగౌరవం అంటున్నారు, నేను దాన్ని అలగడం అంటాను. తగిలింది రా అని మొహం మీద చెప్పడానికే ఎక్కువ గౌరవం కావాలి.

నిద్ర విషయం డాక్టర్‌కి చూపించుకోండి, ఆర్నెల్లంటే చిన్న సంగతి కాదు.

ఫోన్ మాత్రం తమ్ముడికే చేయండి. మరదలికి కాదు, పిల్లకి అసలే వద్దు, దాన్ని మధ్యలోకి లాగొద్దు. అమ్మ విషయం ఆ రోజుకి ఎత్తొద్దు. వాడన్న మాట వాడికే అప్పజెప్పి, ఇది రెండేళ్ళుగా గుచ్చుకుంటోందని చెప్పి ఆగండి. సారీ చెప్తాడో, విసుక్కుంటాడో, ఏదైనా సరే, ఆదివారం నోటుబుక్కు ఇవ్వడానికి వస్తున్నానని చెప్పి పెట్టేయండి. అప్పుడు పదేళ్ళ పిల్ల, ఇప్పుడు పన్నెండు, భిన్నాలు ఎప్పుడో దాటేసుంటుంది, ఆ పుస్తకం దానికి అక్కర్లేకపోవచ్చు కూడా. అయినా తీసుకెళ్ళండి.