పాయింట్లన్నీ రాసినా సగం మార్కులేనా? ప్రశ్న చివర ఉన్న క్రియ చూడండి

"జవాబులో తప్పేమీ లేదు, పాయింట్లన్నీ ఉన్నాయి, అయినా సగం మార్కులే వేశారు. వర్ణించండి, వివరించండి, చర్చించండి అన్నవాటికి నిజంగా తేడా ఉందా?" అని మీరు అడిగారు. ఉంది. జవాబు పత్రాలు దిద్దే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. విషయం తెలియక పోయే మార్కుల గురించి ఎవరం ఏమీ చేయలేం. విషయం పూర్తిగా తెలిసి, అడిగిన పని చేయనందువల్ల పోయే మార్కులు చూస్తే మాత్రం దిద్దే చేతికే మనసొప్పదు.

తెలుగులో ప్రశ్న చదివేవాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. "ఎంజైము పనిచేసే వేగంపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని" అనేసరికే విషయం తెలిసిపోతుంది, కలం కదిలిపోతుంది. ఏం చేయమన్నారో చెప్పే మాట ఆ తర్వాత ఉంటుంది, దాన్ని కళ్లు అలా దాటేస్తాయి. అందుకే ముందు చివరి మాట చదివి, దాని కింద గీత గీసి, ఆ తర్వాతే ప్రశ్నను మొదటినుంచి చదవమంటాను. "కారణాలు పేర్కొని, వాటిలో ఒకదాన్ని సమర్థించండి" లాంటివి ఇంకా జాగ్రత్తగా చూడాలి. "పేర్కొని" కూడా ఒక ఆజ్ఞే. వాక్యం మధ్యలో ఒదిగి ఉంటుంది కాబట్టి చాలామంది రెండింటిలో ఒక పనే చేసి వస్తారు.

ఇక తేడా సంగతి. ఆ ఎంజైము ప్రశ్నకే, ఉష్ణోగ్రతతో వేగం ఎలా మారుతుందో చూపే గ్రాఫు ఇచ్చారనుకుందాం. వర్ణించమంటే కనిపించేది చెప్పాలి: వేగం మొదట పెరుగుతోంది, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర గరిష్ఠానికి చేరింది, ఆ తర్వాత నిటారుగా పడిపోయి 60 దగ్గర దాదాపు సున్నా అయింది. గ్రాఫులోని అంకెలు తీసి చూపించాలి. కారణాలు ఎంత బాగా రాసినా ఇక్కడ వాటికి మార్కు ఉండదు. వివరించమంటే అదే గ్రాఫుకు జవాబు వేరు. వేడి పెరిగితే అణువుల గతిశక్తి పెరుగుతుంది, అందువల్ల ఎంజైము, సబ్‌స్ట్రేట్ (ఎంజైము పనిచేసే పదార్థం) ఎక్కువసార్లు ఢీకొంటాయి, కాబట్టి వేగం పెరుగుతుంది. వేడి మరీ ఎక్కువైతే ఎంజైము ఆకారాన్ని నిలిపే బంధాలు తెగుతాయి, దాంతో సబ్‌స్ట్రేట్ వచ్చి అతుక్కునే చోటు, అంటే క్రియాశీల స్థానం, ఆకారం మారిపోయి సబ్‌స్ట్రేట్ అందులో ఇమడదు.

ఈ రెండు జవాబుల్లోనూ అతుకు మాటలు గమనించండి. మొదటిదాంట్లో "మొదట, ఆ తర్వాత". రెండోదాంట్లో "అందువల్ల, కాబట్టి, దాంతో". నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే: ప్రశ్నలోని క్రియ మీకు ఏయే వాస్తవాలు తెలుసో మాత్రమే అడగదు, వాటిని దేనితో కలపాలో కూడా చెబుతుంది. మీకు సగం మార్కులు వచ్చిన ఆ జవాబును మళ్లీ చదివి, అతుకు మాటల చుట్టూ సున్నాలు చుట్టండి. వివరించమన్న చోట ఒక్క "ఎందుకంటే" కూడా లేకపోతే మీరు రాసింది వర్ణనే.

పోల్చమన్నప్పుడూ ఇదే జరుగుతుంది. బాష్పీభవనం గురించి ఒక పేరా, మరగడం గురించి ఒక పేరా రాసి వదిలేస్తారు. రెండూ పక్కపక్కన ఉన్నాయి తప్ప పోలిక లేదు, ఆ పని దిద్దేవాళ్లకు వదిలేసినట్టయింది. "రెండింటిలోనూ ద్రవం వాయువుగా మారుతుంది, అయితే బాష్పీభవనం ఉపరితలం మీద ఏ ఉష్ణోగ్రత దగ్గరైనా జరుగుతుంది, మరగడం మాత్రం మరిగే స్థానం దగ్గర ద్రవమంతటా జరుగుతుంది" అన్నట్టు ఒకే వాక్యంలో రెండూ ఉండాలి. భేదాలు మాత్రమే అడిగితే పోలికలు అక్కర్లేదు.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోయేది చర్చ, మూల్యాంకనం దగ్గర. "మొదటి ప్రపంచ యుద్ధానికి సారయేవో హత్య ఎంతవరకు కారణమో చర్చించండి" అన్నారనుకోండి. 1914 జూన్ 28న సారయేవో నగరంలో ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య, జులై 28న సెర్బియాపై ఆస్ట్రియా-హంగరీ యుద్ధ ప్రకటన, ఆ తర్వాత ఎవరెవరు దిగారో వరుసగా రాస్తే అది కథనం అవుతుంది. "ఎంతవరకు" అన్న మాటకు జవాబు రాలేదు. హత్య జరగకపోతే ఆ వేసవిలో ఆ సంక్షోభమే వచ్చేది కాదు; అయినా కూటముల ఒప్పందాలు, ఆయుధ పోటీ, ఆస్ట్రియాకు జర్మనీ ఇచ్చిన హామీ లేకపోతే అది ఖండమంతా పాకేదా? ఇలా రెండు వైపులా తూచి, మీ నిర్ణయం ఏమిటో చెప్పి, దానికి ఆధారం చూపాలి. ఏ వైపు మొగ్గారన్నదానికి మార్కులు తగ్గవు. ఎటూ మొగ్గకపోతే తగ్గుతాయి. "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అంటే తప్పులు ఎంచమని కాదు, బలాలూ బలహీనతలూ రెండూ చూడమని.

పేర్కొనండి, తెలపండి అంటే ఒక్క మాటో వాక్యమో చాలు, అక్కడ పేజీలు ఖర్చు చేయకండి. సూచించండి అంటే జవాబు పుస్తకంలో అచ్చంగా ఉండదు, తెలిసినదాన్ని కొత్త సందర్భానికి అన్వయించాలి. గణితంలో "చూపండి" అన్నప్పుడు ఫలితం ప్రశ్నలోనే ఉంటుంది, అందుకని మార్కులు మెట్లకే. ఫలితాన్నే నిజమనుకుని మొదలుపెడితే చూపించినట్టు కాదు. "దీని నుంచి" అంటే పై భాగంలో వచ్చిందే వాడాలి; "దీని నుంచి లేదా మరో విధంగా" అంటేనే దారి మీ ఇష్టం.

ఈ క్రియల వెనక 1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం ప్రచురించిన విద్యా లక్ష్యాల వర్గీకరణ ప్రభావం చాలా ఉంది. 2001లో దాన్ని సవరించినవాళ్లు ఆరు మెట్లను జ్ఞాపకం నుంచి సృజన వరకు పేర్చారు. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకు అది బాగా పనికొస్తుంది, పరీక్ష హాల్లో మీకు అంతగా కాదనే నా అభిప్రాయం. మీ పరీక్ష నిర్వహించేవాళ్లు ఏ క్రియను ఏ అర్థంలో వాడుతున్నారన్నది మీకు ముఖ్యం. పరీక్షలు నిర్వహించే కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ తన సిలబస్‌లలోను, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) తన సబ్జెక్టు గైడ్లలోను ఈ క్రియల జాబితాను అర్థాలతో సహా ఇస్తాయి. మీ బోర్డుకు అలాంటిది ఉంటే అదే ప్రమాణం. లేకపోతే పాత ప్రశ్నలను, వాటి మార్కుల పంపిణీ పథకాన్ని పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకే క్రియ చరిత్రలో ఒకలా, భౌతికశాస్త్రంలో మరోలా వాడడం కూడా కనిపిస్తుంది.

సాధన కోసం నా విద్యార్థులతో చేయించేది ఒకటుంది. పాత ప్రశ్న ఒకటి తీసుకుని, విషయం అలాగే ఉంచి క్రియ మాత్రం మార్చండి: వర్ణించండి, వివరించండి, మూల్యాంకనం చేయండి. మూడింటికీ పూర్తి జవాబులు వద్దు, మొదటి రెండు వాక్యాలు చాలు. మూడు చోట్లా ఒకే వాక్యాలు వస్తుంటే ఇంకో ప్రశ్న తీసుకుని మళ్లీ చేయండి.