‘పడిలేచిన కెరటం’ కొట్టెయ్

అమ్మాయికి ఆశీస్సులు.

డచ్ సైకిల్ పందెగాడు ఫాబియో యాకబ్‌సన్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం పొట్టిగా, శుభ్రంగా రాస్తావు. అది బాగుంది. ఇక కోపం వచ్చిన చోటికి వస్తాను.

మూడో పేజీలో, రోజుకో గెలుపు ఉండే మూడు వారాల సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్‌లో, 2022 రెండో రోజు గురించి చెబుతూ, “ఫాబియో మెరుపులా దూసుకొచ్చి ఒంటిచేత్తో గెలుపు లాక్కున్నాడు” అన్నావు. ఆ ‘ఒంటిచేత్తో’ దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. స్ప్రింటర్ గురించి, అంటే ఆఖరి మీటర్లలో దూసుకెళ్లి గెలిచేవాడి గురించి, రాసేటప్పుడు వాడకూడని మాట ఒకటుందంటే అదే. రోడ్డు పందెంలో స్ప్రింటర్ అంత పరాధీనుడు ఇంకెవడూ ఉండడు. డెన్మార్క్‌లో రోస్కిల్డే నుంచి న్యూబోర్గ్ దాకా ఆ రోజు 200 కిలోమీటర్లకు పైగా తొక్కారు. అందులో యాకబ్‌సన్ సొంతంగా గాలికి ఎదురు నిలిచింది చివరి కొన్ని సెకన్లే. మిగతా దారంతా ఎవరో ఒకరి వెనక గాలిచాటున దాక్కున్నాడు. అలా దాక్కోవడమే అతని పని. నీ వ్యాసంలో ఆ ‘ఎవరో ఒకరు’ కనబడరు.

ఈ గాలిచాటు సంగతి నీకు పట్టాలి. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఆ వేగపు ఘనం లెక్కన పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగాన్ని 66 చెయ్యాలంటే వేగంలో తేడా పదో వంతే, శక్తి మాత్రం మూడో వంతు ఎక్కువ కావాలి. అంతలోనే కాళ్లు ఖాళీ అయిపోతాయి. అందుకే జట్టులో నలుగురైదుగురు వరసగా ముందు నిలబడి, ఒకడి తరవాత ఒకడు తన బలమంతా తోడి, అలిసిపోగానే పక్కకు తప్పుకుంటారు. దీన్నే లీడౌట్ అంటారు. చివరివాడు ముగింపు గీతకు దాదాపు 200 మీటర్ల దూరంలో స్ప్రింటర్‌ని వదలాలి. ఎదురుగాలి ఉంటే ఇంకాస్త ఆలస్యంగా, వెనకగాలి ఉంటే ఇంకాస్త ముందే. 300 దగ్గరే వదిలేస్తే గీత రాకముందే వేగం పడిపోతుంది. మరీ ఆలస్యం చేస్తే రెండు పక్కల నుంచీ గుంపు కమ్ముకుని దారి మూసేస్తుంది.

‘మెరుపులా’ అనే మాట కొట్టేసి ఈ లెక్క వేసి చూడు. పెడల్ దగ్గరి చక్రానికి 54 పళ్లు, వెనక చక్రానికి 11 పళ్లు అనుకుందాం. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ పది మీటర్లకు పైనే ముందుకు పోతుంది. అంటే 200 మీటర్లకు పంతొమ్మిది చుట్లు. గంటకు 70 కిలోమీటర్ల వేగంలో ఆ పంతొమ్మిదీ పది సెకన్లలో అయిపోవాలి, సెకనుకు దాదాపు రెండు. పాఠకుడు ఒక్కసారి తన కాళ్లను ఆ లెక్కన ఊహించుకుంటే చాలు, ఏ ఉపమానమూ అక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు పేరు కూడా రాయని మనిషి దగ్గరికి వద్దాం. మైకేల్ మోర్కోవ్, డెన్మార్క్‌వాడు. ఆ టూర్‌లో యాకబ్‌సన్ లీడౌట్‌లో చివరివాడు. అంతకు ముందు ఏడాది, 2021లో, అదే జట్టు స్ప్రింటర్ మార్క్ కావెండిష్ నాలుగు రోజులు గెలిచి, టూర్‌లో ఎడీ మెర్క్స్ 34 రోజుల గెలుపుల రికార్డును అందుకున్నప్పుడు కూడా ముందున్నది ఇతనే. 2022లో జట్టు కావెండిష్‌ని ఇంట్లో వదిలి యాకబ్‌సన్‌ని తీసుకెళ్లింది. న్యూబోర్గ్‌లో యాకబ్‌సన్ చివరి మీటర్లలో వౌట్ వాన్ ఆర్ట్‌ను దాటాడు, మాడ్స్ పెడర్సన్ మూడో స్థానం. అయిదు వాక్యాల్లో చెప్పదగ్గ ఈ నేపథ్యం లేకపోతే ఆ గెలుపు బరువు తెలియదు. ఇక ఆ మోర్కోవ్ టూర్ ఎలా ముగిసిందో తెలుసా? పదిహేనో రోజు, కార్కసాన్ దారిలో, ఒంట్లో బాగాలేక మొదట్లోనే గుంపు నుంచి జారిపోయాడు. దాదాపు రోజంతా ఒంటరిగా తొక్కాడు. దిగిపోలేదు, కారెక్కలేదు. గడువు దాటాక గీత చేరాడు, పోటీ నుంచి తీసేశారు. ‘ఒంటిచేత్తో’ అనే మాట అక్కడ రాయి, ఒప్పుకుంటాను.

గడువు అంటే ఏమిటో కూడా నీ వ్యాసంలో లేదు. గెలిచినవాడి సమయానికి కొంత శాతం కలిపి, ఆ లోపు రానివాళ్లను ఇంటికి పంపిస్తారు. స్ప్రింటర్‌కు కండ బరువు, కొండ శత్రువు. పదిహేడో రోజు పైరగూడ్ కొండ మీద, 16 శాతం వాలున్న ఆఖరి ఎక్కుడులో, యాకబ్‌సన్ గడువుకు అర నిమిషం కూడా మిగలకుండా గీత దాటాడు. నువ్వు వదిలేసిన ఆ రోజే నా లెక్కన అతని టూర్‌లో గొప్ప రోజు.

కాటోవిట్సేలో యాకబ్‌సన్‌కు జరిగిన ప్రమాదం గురించి మూడు పేజీలు రాశావు. 2020 ఆగస్టు 5, పోలండ్ టూర్ మొదటి రోజు. ఆ మూడు పేజీల్లో రక్తం ఉంది, రోడ్డు లేదు. ముగింపు పల్లంలో పెట్టారు, వేగం గంటకు 80 దగ్గర, అంటే సెకనుకు 22 మీటర్లు. ముందున్న డైలాన్ గ్రూనెవెగన్ తన వరస వదిలి కుడికి జరిగాడు. స్ప్రింట్ మొదలుపెట్టినవాడు ఎంచుకున్న వరస మారకూడదన్నది నియమం. యాకబ్‌సన్ బ్యారికేడ్ల మీద పడ్డాడు, అవి ఆగకుండా విడిపోయి ఎగిరిపోయాయి. వాలు, తప్పు, కంచె, మూడూ కలిస్తేనే ఆ ప్రమాదం. నువ్వు మాత్రం గ్రూనెవెగన్‌ను విలన్‌ని చేసి ఊరుకున్నావు. అతనికి తొమ్మిది నెలల నిషేధం పడింది, బెదిరింపులొస్తే ఇంటికి పోలీసు కాపలా పెట్టాల్సొచ్చింది. న్యూబోర్గ్ మర్నాడే, సోండర్‌బోర్గ్‌లో, టూర్ మూడో రోజు గెలుపు అతనిది. పక్కపక్కనే ఉన్న ఆ రెండు రోజులను విడదీయకు.

గాయాల్ని కూడా ‘మృత్యువుతో పోరాటం’ అని రాయకు. పుర్రెకు దెబ్బ, పది పళ్లు పోవడం, మొహానికి 130 కుట్లు, స్వరపేటిక నరానికి గాయం, తుంటి నుంచి తీసిన ఎముకతో దవడ కట్టడం. చెప్పినట్టే చెప్పు. 2021 ఏప్రిల్‌లో టర్కీలో మళ్లీ సైకిలెక్కాడు. జూలైలో బెల్జియంలోని వలోనీ పందెంలో గెలిచాడు. ఆగస్టు, సెప్టెంబర్లలో స్పెయిన్ పందెం వ్యుయెల్టాలో మూడు రోజుల గెలుపులు, పాయింట్లలో ముందున్నవాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ. ఆ వ్యుయెల్టా పదమూడో రోజు యాకబ్‌సన్ చివర్లో వెనకబడితే, అతని కోసం ముందుండాల్సిన ఫ్లోరియన్ సెనెషల్ తానే గెలిచాడు. ఇది కూడా వదిలేశావు.

నీ శీర్షిక ‘పడిలేచిన కెరటం’. ఆదివారం సంచికల డెస్కుల్లో ఈ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఆటగాడు ఎవరైనా సరే అతికిస్తారు. గేర్ల పళ్ల లెక్క రాసి పంపితే “పాఠకుడికి అంకెలెందుకండీ” అని కొట్టేసి, ఆ జాగాలో ఏడుస్తున్న ఫోటో వేసిన ఎడిటర్లు నాకు తగిలారు. పాఠకుడు తెలివైనవాడని వాళ్లు నమ్మలేదు. నువ్వు నమ్ము.

ఆఖరి పేజీలో “ఆ తర్వాత ప్రతిభ మసకబారింది” అని ముగించావు. నాకు బాధేసింది. 2023 టూర్‌లో నోగారో దగ్గర పడి, కొన్నాళ్లు ఆ దెబ్బలతోనే తొక్కి దిగిపోయాడు. 2024లో జట్టు మారాడు, మోర్కోవ్ వేరే జట్టుకు పోయాడు. 2025లో కాళ్లకు రక్తం తీసుకెళ్లే తుంటి ధమనులు ఇరుకయ్యాయని శస్త్రచికిత్సకు సిద్ధమయ్యాడు. ఏళ్ల తరబడి నడుం వంచి తొక్కితే ఆ ధమని మడతపడి గోడ మందమవుతుంది, తొడకు రక్తం చాలదు. దీన్ని ప్రతిభ అనే మాట కింద పాతెయ్యకు.

ఇంటిపేరు జాకోబ్సెన్ కాదు. జె అక్షరాన్ని డచ్చివాళ్లు ‘య’ అని పలుకుతారు. ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తరవాత చూద్దాం.

న్యూబోర్గ్ చివరి మూడు కిలోమీటర్ల వీడియో మళ్లీ పెట్టుకో. మొదటిసారి మోర్కోవ్‌ని మాత్రమే చూడు. ఎవరి వెనక ఉన్నాడో, ఏ పక్కకు తప్పుకున్నాడో, అప్పుడు గీత ఎంత దూరమో రాసుకో. రెండోసారి జెండాలు చూడు, గాలి ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. మూడోసారి యాకబ్‌సన్‌ని చూడు. తరవాత మూడో పేజీ తిరగరాసి పంపు.