ఏఐ ఏజెంట్ వాడే క్యాలిక్యులేటర్‌కి డాక్యుమెంటేషన్ బాగుందా లేదా, ఎలా తేల్చాలి?

అడిగింది ఇదీ: ఏజెంట్‌కి చిన్న లెక్కల టూల్ ఒకటి ఇచ్చారు, లోపల పైథాన్ ఎవాల్ (ఇచ్చిన టెక్స్ట్‌ని కోడ్‌గా నడిపే ఫంక్షన్) నడుస్తోంది, దాని డాక్యుమెంటేషన్ నాణ్యతను కొలవడం ఎలా?

ముందు రీడ్‌మీని (ప్రాజెక్టుతో ఇచ్చే పరిచయ ఫైలుని) పక్కన పెట్టండి. ఎంసీపీ (ఏఐకి టూల్స్ తగిలించే ఒక ప్రమాణం) ద్వారా టూల్ ఇస్తే ఏజెంట్‌ని నడిపే మోడల్ ముందుకు వచ్చేవి ప్రధానంగా మూడే: టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నమూనా). ఇన్‌స్టాల్ చేసే పద్ధతి, స్క్రీన్‌షాట్లు, లైసెన్సు మనుషుల కోసం. రీడ్‌మీ మూడు పేజీలు రాసి, వివరణ దగ్గరికొచ్చేసరికి "గణిత లెక్కలు చేస్తుంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టే ప్రాజెక్టులు కొల్లలు. "శక్తిమంతమైన, వేగవంతమైన" అని విశేషణాలు తగిలించేవాళ్లు మరీ దారుణం. మోడల్‌కి టూల్ అమ్మక్కర్లేదు కదా!

ఇక కొలత. కోడ్ చూడని మనిషికి వివరణ, స్కీమా మాత్రమే ఇచ్చి, ఈ ఇన్‌పుట్‌లకు ఏ జవాబు వస్తుందో రాయమనండి: 2^3, -7 % 3, రౌండ్(2.5), సైన్(30), లాగ్(100), 1/0. ఇద్దరి చేత విడివిడిగా రాయిస్తే ఇంకా మంచిది. పైథాన్‌లో ^ అంటే ఘాతం కాదు, ఎక్స్ఓఆర్ (బిట్లను పోల్చే ఆపరేషన్), కాబట్టి 2^3 జవాబు 1. % అంటే శేషం: -7 % 3 పైథాన్‌లో 2, జావాస్క్రిప్ట్‌లో -1. 2.5ని రౌండ్ చేస్తే పైథాన్ 2 అంటుంది, జావాస్క్రిప్ట్ 3 అంటుంది. సైన్(30) రేడియన్లలో -0.988, డిగ్రీల్లో 0.5. లాగ్(100) పైథాన్‌లో 4.605, ఎక్సెల్‌లో 2. సున్నాతో భాగిస్తే పైథాన్ ఎర్రర్ ఇస్తుంది, జావాస్క్రిప్ట్ ఇన్ఫినిటీ ఇస్తుంది, దాన్ని జేసన్‌లోకి (ప్రోగ్రాములు డేటా పంపుకునే రూపంలోకి) మార్చగానే నల్ (ఖాళీ విలువ) అయిపోతుంది. వీటిలో ఎక్కడ ఇద్దరి ఊహలూ వేరయ్యాయో, వివరణలో సరిగ్గా ఆ వాక్యమే లోపించింది.

మన దేశంలో వాడే టూల్‌కి ఇంకో పరీక్ష తప్పనిసరి. అది కామా.

"సరుకు విలువ రూ.1,25,000, జీఎస్టీ 18 శాతం, పన్నెంత?" అని వినియోగదారు అడిగాడనుకోండి. ఏజెంట్ ఆ అంకెను ఉన్నదున్నట్టు ఎత్తి 1,25,000 * 18 / 100 అని పంపొచ్చు. పైథాన్ ఎవాల్‌కి కామా అంటే వేర్వేరు విలువల జాబితా. 1, 25, 000 మూడు విడి సంఖ్యలయ్యాయి, గుణకారం చివరి దానికి మాత్రమే తగిలింది. తిరిగొచ్చేది (1, 25, 0.0). ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. అదే 1,25,050 అయితే 050 ముందున్న సున్నా వల్ల సింటాక్స్ ఎర్రర్ వచ్చి బతికిపోతాం. అమెరికా పద్ధతిలో 125,000 అని రాసినా ఇదే గతి.

ఆ (1, 25, 0.0) చూసిన మోడల్ రెండింటిలో ఒకటి చేయగలదు. పన్ను సున్నా అని చెప్పేయొచ్చు, లేదా టూల్‌ని నమ్మకుండా సొంతంగా 22,500 అని లెక్కకట్టి చెప్పొచ్చు. రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే తుది జవాబు మాత్రమే సరిచూసే మూల్యాంకనంలో అది పాస్ అయిపోతుంది. పెద్ద అంకెలొచ్చిన రోజు ఆ సొంత లెక్క తప్పొచ్చు. అందుకే టూల్‌కి ఏం వెళ్లింది, ఏం తిరిగొచ్చింది, మోడల్ ఏం చెప్పింది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి ఏజెంట్ నడిచిన రికార్డు చదవాలి.

ఫంక్షన్లలో ఇంకా ఘోరం. అన్నింట్లో పెద్దదేదో చెప్పే మ్యాక్స్‌కి మ్యాక్స్(1,25,000, 80000) ఇస్తే 125000 బదులు 80000 వస్తుంది, చూడ్డానికి నిక్షేపంలాంటి జవాబు! కామాలన్నీ తీసేద్దామంటే మ్యాక్స్(1,250) అన్నది ఒక సంఖ్యో రెండో కోడ్‌కి తెలియదు. ఫంక్షన్లలో విలువల మధ్య సెమీకోలన్ పెట్టమని నియమం చేసి, కామా ఎక్కడ కనిపించినా తిరస్కరించడం నా లెక్కలో సరైన మందు. ఆ నియమాన్ని స్కీమాలో ఆ పారామీటర్ పక్కనే ఉదాహరణతో రాయాలి: "125000 అని రాయి, 1,25,000 వద్దు". శాతం సంగతీ అక్కడే తేల్చండి. 125000 + 18% కొన్ని ఫోన్లలో 147500 ఇస్తుంది, పైథాన్‌లో సింటాక్స్ ఎర్రర్. 125000 * 18 % 100 అని రాస్తే మాత్రం నిశ్శబ్దంగా 0.

తర్వాత ఏజెంట్‌తోనే నడపండి. ముప్పై ప్రశ్నలు చాలు: సగం ఇలాంటి ఉచ్చులు, పది మామూలు లెక్కలు, మిగిలిన ఐదు అసలు టూల్ అక్కర్లేనివి. ఒక్కో ప్రశ్న ఐదుసార్లు, ఎందుకంటే మోడల్ ప్రతిసారీ ఒకేలా ప్రవర్తించదు. మోడల్, కోడ్ కదపకుండా వివరణ మాత్రమే మార్చాలి. ఆపైన ఒక్కో వాక్యం తీసేసి మళ్లీ నడపండి. తీసినా ఫలితం తగ్గకపోతే ఆ వాక్యం దండగ. టూల్ వాడినా వాడకపోయినా వివరణ టోకెన్లు (మోడల్ చదివే టెక్స్ట్ ముక్కలు) సాధారణంగా ప్రతి రిక్వెస్టులోనూ ఖర్చవుతూనే ఉంటాయి.

ఇంకో మోడల్‌కి వివరణ చూపించి "పదికి ఎన్ని మార్కులు" అని అడగడం ఇప్పుడో ఫ్యాషన్. పొడుగ్గా, హెడ్డింగులతో ఉంటే తొమ్మిది వేసేయొచ్చు. ^ అర్థమేంటో అందులో రాయలేదని పట్టుకోకపోవచ్చు.

చివరిగా ఎర్రర్ సందేశాలు. మోడల్ తన కాల్ తప్పాక చదివేది వాటినే కాబట్టి అవీ డాక్యుమెంటేషన్ కిందే లెక్క. "చెల్లని ఇన్‌పుట్" అంటే అదే కాల్ మళ్లీ పంపొచ్చు. "2వ స్థానంలో కామా ఉంది, సంఖ్యను కామాలు లేకుండా పంపు, ఉదా. 125000" అంటే రెండో కాల్‌లో దిద్దుకునే అవకాశం బాగా పెరుగుతుంది. ఇక ఎవాల్‌ని అలాగే ఉంచితే 9**9**9 (** అంటే పైథాన్‌లో ఘాతం) లాంటిదొకటి వచ్చినప్పుడు ప్రాసెస్ బిగుసుకుపోతుంది, బయటివాళ్లు పంపే కోడ్ కూడా నడుస్తుంది. దాని బదులు పార్సర్ (లెక్కను మాత్రమే చదివి విడగొట్టే కోడ్) పెట్టి, అనుమతించే ఆపరేటర్ల జాబితానే వివరణలో పెట్టండి.