పాత నాణేలు ఆన్‌లైన్‌లో కొంటే షిప్పింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

60 రూపాయల చిల్లు కాణీలకు 120 రూపాయల షిప్పింగ్ అడుగుతున్నారు, ఇది న్యాయమేనా అని మీ ప్రశ్న.

ఖర్చు కొనేవాళ్లే పెట్టుకోవాలి. అందులో నాకు అనుమానం లేదు. ఫ్రీ షిప్పింగ్ అనేవాళ్లంతా ఆ డబ్బును నాణెం ధరలో కలిపేసినవాళ్లే. కానీ షిప్పింగ్ పేరుతో తీసుకున్న డబ్బు షిప్పింగ్‌కే పెట్టాలి. నా కడుపుమంట అంతా అక్కడే.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. ఆ ఏడాది ముద్ర ఉన్న నాణెం ఒకటి నా దగ్గర ఉండాలని ఎప్పటి నుంచో కోరిక. 2021లో ఒక అమ్మకందారు దగ్గర అయిదో జార్జి వెండి పావలా, 1936ది, 350 రూపాయలకు కనిపించింది. షిప్పింగ్ ఆంధ్ర, తెలంగాణలకు 60, వేరే రాష్ట్రాలకు 120 అని రాశారు. ఫోన్ చేసి, "సార్, మాది ఒడిశాయే గానీ పాతపట్నం పక్కనే" అన్నాను. "పిన్ కోడ్ 761 కదండీ, వేరే రాష్ట్రం రేటే పడుతుంది" అన్నారు. సరేనని పాతపట్నంలో మా మేనత్త అడ్రసు ఇచ్చి 60 కట్టాను.

పదకొండో రోజు అత్త ఫోన్. "ఒరే, నీ కవరొచ్చింది గానీ లోపల ఏటీ నేదురా. మూల చిరిగిపోనాది" అంది.

వెంటనే బండేసుకుని వెళ్లాను. పల్చటి తెల్ల కవరు. నాణేన్ని దేనికీ అతికించకుండా కాగితం మడతలో పెట్టి వదిలేశారు. ఆ పావలా బరువు 2.92 గ్రాములు. అంత చిన్నదే అయినా దారంతా అటూ ఇటూ జారి కవరు మూలను చీల్చుకుని ఎక్కడో పడిపోయింది. స్టాంపు చూస్తే అయిదు రూపాయలది. మామూలు పోస్టు! అప్పట్లో రిజిస్టర్ చేస్తే 22 రూపాయలు. నా దగ్గర 60 తీసుకుని ఆ 22 పెట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు. వెతుక్కుందామంటే ట్రాకింగ్ నంబరు కూడా లేదు. మళ్లీ ఫోన్ చేస్తే "పోస్టు చేశాక మా బాధ్యత కాదండీ" అని పెట్టేశారు. ఆ వారమంతా నాకు సరిగా నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి నేను అమ్మేటప్పుడు నాణేన్ని హోల్డర్‌లో పెట్టి, రెండు గట్టి అట్టముక్కల మధ్య కదలకుండా టేపు వేస్తాను. కవరు ఊపితే చప్పుడు రాకూడదు. రసీదు ఫోటో కొన్నవాళ్లకు పంపుతాను. రిజిస్టర్ పోస్టును 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబరు 1 నుంచి రేట్లు కూడా మారాయి. ఇప్పుడు బయటి ఊరికి 50 గ్రాముల దాకా 47 రూపాయలు, జీఎస్టీతో 55 దాటుతుంది. చిన్న నాణేలు సేకరించేవాళ్లకు ఇది పెద్ద దెబ్బే. కానీ ఆ 47 పాతపట్నానికైనా, బరంపురానికైనా, ముంబయికైనా ఒకటే. ప్రైవేటు కొరియర్లకు జోన్లు ఉంటే ఉండొచ్చు. 50 గ్రాముల స్పీడ్ పోస్టు కవరుకు వేరే రాష్ట్రం రేటు అని ఎవరైనా అంటే నమ్మకండి. మా సరిహద్దు ఊళ్లవాళ్లం ఈ మాటకు ఏళ్ల తరబడి డబ్బు పోగొట్టుకున్నాం.

బరువు లెక్క తెలుసుకుంటే చాలా మిగులుతుంది. అయిదో జార్జి వెండి రూపాయి 11.66 గ్రాములు. మూడు కలిపితే 35. హోల్డర్లు, అట్ట, కవరుతో 50 లోపే సర్దుకోవచ్చు, నాలుగోది పెడితే దాటిపోతుంది. మీ చిల్లు కాణీ ఒక్కోటి రెండు గ్రాములే. పది తీసుకున్నా అదే 47.

ఇంకో సంగతి. మీ దగ్గరున్న పాత నాణేన్ని లక్షలిచ్చి కొంటాం, ముందు కొరియర్ చార్జీ, ఇన్సూరెన్స్ కట్టండి అని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు. మా వీధిలోనే ఒకాయన రెండు దఫాలు కట్టేశాడు. కొనేవాళ్లు అమ్మేవాళ్ల దగ్గర షిప్పింగ్ అడగడం ఎక్కడైనా ఉందా? తన పేరు చెప్పి పాత నోట్లు, నాణేలకు ఫీజులు అడిగేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

మీ అమ్మకందారును రెండే అడగండి: ఏ సర్వీసులో పంపుతారు, ప్యాకింగ్‌తో కలిపి ఎన్ని గ్రాములు? స్పీడ్ పోస్టు, 50 గ్రాముల లోపు అంటే ప్యాకింగ్‌కు పది, పదిహేను వేసుకున్నా 70 దగ్గర ఆగాలి. అంతకు మించి ఒక్క రూపాయి ఇవ్వకండి. 70కి ఒప్పుకుంటే మాత్రం బేరమాడకుండా ఇచ్చేయండి, రసీదు ఫోటో అడిగి తీసుకోండి.