వేడికి గట్టిపడిన పెట్రోల్ పైపు

తమ్ముడూ, బండి వేడెక్కాక పెట్రోల్ వాసన, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోవడం, పైపుల మీద పగుళ్లు అన్నావు కదా. పాత కార్బురేటర్ స్కూటరే కాబట్టి పెట్రోల్ పైపు, వాక్యూమ్ పైపు రెండూ మార్చెయ్. వాక్యూమ్ పైపంటే ఇంజన్ పీల్పుతో పెట్రోల్ కాక్‌ని, అంటే ట్యాంకు కుళాయిని, తెరిచే పైపు. టేపు చుట్టి నడపొద్దు, పెట్రోల్‌కి జిగురు ఊడిపోతుంది, కింద సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. నాకు భయమేసేది అదే.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పు. లోపలి సైజు సరిగ్గా పాతదే ఉండాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి తట్టుకునే రబ్బరు పైపే అడుగు, తెల్ల ప్లాస్టిక్ గొట్టం వద్దు. వాక్యూమ్ పైపు మందంగా ఉండాలి, పల్చనిదైతే లోపలికి నొక్కుకుపోతుంది. అందులో పెట్రోల్ తడి కనిపిస్తే పెట్రోల్ కాక్‌లో డయాఫ్రమ్, అంటే పల్చని రబ్బరు పొర, చిరిగినట్టే, అదీ మార్చాలి. క్లిప్పులు కొత్తవి వెయ్, పైపు సిలిండర్ హెడ్‌కి తగలకుండా తిప్పు.