పెద్దవాళ్ళ ఇంటికి ఫారం పట్టుకుని వెళ్ళే ముందు

చి. బుజ్జికి,

పెద్దమ్మ దీవెనలు. పెద్దవాళ్ళ ఆరోగ్యం మీదా, ఇంట్లో వాళ్ళ ఆలనాపాలనా ఎవరు చూస్తున్నారన్న దాని మీదా జరిగే పరిశోధనలో చేరావని మీ అమ్మ చెప్పింది. బెంగళూరులోనే ఇల్లిల్లూ తిరగాలట కదా. నా ఉద్యోగం చాలా భాగం ఇలాంటి ఇళ్ళ మధ్యే గడిచింది కాబట్టి, ట్రైనింగులో మీకు చెప్పరని నేననుకునే సంగతులు కొన్ని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్ల పైచిలుకు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి, ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ కలిసి 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువాళ్ళే ఉంటారు. వీళ్ళకి ఇంటికొచ్చే నర్సు కావాలా, పగలు ఉండడానికి డే కేర్ కావాలా, ఏ మందులకి ఎంత అవుతోంది, ఇవన్నీ నీలాంటి పిల్లలు ట్యాబ్‌లో నొక్కే జవాబుల మీదే తేలతాయి. అందుకే నాకున్న పట్టింపు ఒక్కటే. ఫారంలో పెద్దావిడ జవాబు అని ఉన్న చోట ఆవిడ నోటి మాటే ఉండాలి. ఇంట్లోవాళ్ళు ఆవిడ గురించి చెప్పేది కూడా కావాలి, కానీ అది వేరే గడిలో పడాలి. వినడానికి ఇంతే. ఇళ్ళలోకి వెళ్ళాక ఇదే అన్నిటికన్నా కష్టం.

ఆ కష్టం గేటు దగ్గరే మొదలవుతుంది. మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో మనవాళ్ళు ఎందరో ఉన్నారు. కొడుకో కూతురో సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు, మనవల్ని చూసుకోవడానికి అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉంటారు. సెక్యూరిటీ అతను ఫోన్ చేసేది కొడుక్కి. రమ్మనేదీ అతనే, నువ్వు కూర్చున్నాక తల్లి పక్కన చేరి జవాబులు చెప్పేదీ అతనే. "మా అమ్మకేమండీ, షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, బాగా నిద్రపోతుంది" అంటాడు. అతని ప్రేమలో లోపమేమీ లేదు. రాత్రి మూడింటికి లేచి కూర్చునే తల్లి సంగతి అతనికి తెలియదంతే. తెలియనివ్వదు కూడా. పిల్లలకి టెన్షన్ ఎందుకని కళ్ళు తిరగడం, బాత్రూంలో జారిపడటం దాచుకునే తల్లులు ప్రతి అంతస్తులోనూ ఉంటారు.

కాబట్టి ఒక్కదానివే వెళ్ళకు, ఇద్దరుగా వెళ్ళండి. ఇంటి ఖర్చులు, ఇన్సూరెన్స్, ఎవరెవరు ఉంటున్నారన్న ప్రశ్నలు ఒకరు హాల్లో కొడుకునో కోడలినో అడుగుతూ ఉంటే, ఇంకొకరు పెద్దావిడ దగ్గర ఆవిడ గదిలోనో బాల్కనీలోనో కూర్చోవచ్చు. "మీరు పక్కకి వెళ్ళండి" అంటే ఏ ఇంట్లోనైనా అనుమానం వస్తుంది. "మీకు వేరే ప్రశ్నలున్నాయండీ, టైం కలిసొస్తుంది" అంటే ఎవరూ కాదనరు, అది నిజం కూడా. పిల్లలు స్కూలుకీ పెద్దవాళ్ళు ఆఫీసుకీ వెళ్ళాక, వంట పని తెమిలాక, పది పదకొండు మధ్య మంచి సమయం. సాయంత్రం పార్కులో బెంచీల మీద పెద్దవాళ్ళు గుంపుగా దొరుకుతారు. పరిచయానికి అది మంచి చోటే కానీ ఇంటర్వ్యూకి పనికిరాదు. పక్కింటాయన వింటుండగా మూత్రం ఆపుకోలేకపోవడం గురించి ఎవరూ చెప్పరు.

ఇంట్లో సరిగా చూసుకుంటున్నారా, ఎవరైనా తిట్టారా, డబ్బు లాక్కున్నారా అనే ప్రశ్నలు మీ ఫారంలోనూ ఉండే ఉంటాయి. 2017-18లో లాసీ అని, పెద్దవయసు వాళ్ళ మీద దేశమంతటా చేసే సర్వే మొదటి విడత జరిగింది. నలభై ఐదు దాటినవాళ్ళనూ వాళ్ళ జీవిత భాగస్వాములనూ కలిపి 72,000 మందికి పైగా కలిశారు. వాళ్ళలో అరవై దాటినవాళ్ళను తీసుకుంటే, దాదాపు 5 శాతం మంది గడిచిన ఏడాదిలో తమకు ఇలాంటిది ఎదురైందన్నారు. అది పైకి చెప్పినవాళ్ళ లెక్క. అసలు సంఖ్య అంతకన్నా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం, ఎందుకంటే మన ఇళ్ళలో తలుపు వేసుకుని మాట్లాడే అలవాటే లేదు. ఏకాంతం దొరకకపోతే ఆ ప్రశ్నలు అడగనే అడగకు. అడగలేకపోయాం, కారణం ఫలానా అని రాసిపెట్టు. కోడలు వింటుండగా "లేదమ్మా" అన్న జవాబు కన్నా ఖాళీ గడి నయం. నువ్వు వెళ్ళిపోయాక ఆ ఇంట్లో ఉండాల్సింది ఆవిడే కదా. ఇంటర్వ్యూ జరుగుతున్నప్పుడు పక్కన ఎవరున్నారో రాసుకునే గడి మీ ఫారంలో లేకపోతే, పట్టుబట్టి పెట్టించు.

కూర్చునే తీరు గురించి కూడా చెప్పాలి. వెలుతురు నీ మొహం మీద పడేలా, ఆవిడకి ఎదురుగా కూర్చో. టీవీ ఆపించు. చెవి మిషన్ ఉందా, పెట్టుకున్నారా, బ్యాటరీ ఉందా చూడు. అరవకు, అరిస్తే మాట ముక్కలవుతుంది. గొంతు కీచుగా కాకుండా కాస్త బరువుగా పెట్టి నిదానంగా చెప్పు. కళ్ళజోడు తెచ్చుకోమను. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ, వినపడక చెప్పలేకపోయిన జవాబుని జ్ఞాపకం తప్పిన జవాబుగా రాసేస్తే ఆ మనిషి మీద డిమెన్షియా, అంటే మతిమరుపు ముదిరే జబ్బు అన్న ముద్ర పడుతుంది. వినికిడి తగ్గడం డిమెన్షియాకి దారితీసే కారణాల్లో ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలోనూ చెప్పారు. మనం నివారించడానికి వీలున్న 14 కారణాల్లో అదొకటి. అందుకని వినికిడి పరీక్ష ముందు పెట్టించి, జ్ఞాపకశక్తి పరీక్ష తరవాత పెట్టమని మీ మేడంని అడుగు.

ఆ జ్ఞాపకశక్తి పరీక్షల్లో చదువు సంగతి మరిచిపోవద్దు. ఎక్కువగా వాడే ఎంఎంఎస్ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షలో ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు, వందలోంచి ఏడేడు తీసేయమంటారు. పలక పట్టని మనిషికి పెన్ను ఇచ్చి గీయమంటే చెయ్యి వణుకుతుంది, మనసు చిన్నబోతుంది. చదువుకోనివాళ్ళ కోసమనే హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో హిందీ పరీక్షను తయారుచేసి 1995లో ప్రచురించారు. ఇప్పుడు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేయించిన పరీక్షల సెట్టు తెలుగులోనూ కన్నడలోనూ ఉంది. ఏది వాడినా అందులో రాసిన మాటల్ని నీ ఇష్టంగా మార్చకు, సాయం చేయకు. మనవడు పక్కనుంచి "అవ్వా, ఈరోజు గురువారం" అని అందిస్తాడు. వాడిని ముద్దుగా బయటికి పంపించెయ్యి.

ఏ భాషలో అడగాలన్నది నువ్వు నిర్ణయించవద్దు, ఆవిడనే అడుగు. బెంగళూరులో పుట్టి పెరిగిన మన పెద్దవాళ్ళు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పాత పేటల్లో అయితే తమిళమూ దక్కనీ కూడా మాట్లాడతారు. కోలార్ జిల్లా శ్రీనివాసపుర వైపు వెళితే ఇంటింటా తెలుగే వినిపిస్తుంది. నలభై ఐదు దాటిన పదివేల మందిని ఏళ్ళ తరబడి గమనించాలని బెంగళూరు ఐఐఎస్‌సీలోని మెదడు పరిశోధన కేంద్రం, సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, అధ్యయనం పెట్టుకుంది ఆ పల్లెల్లోనే. బహుభాషలు మనకి ఇబ్బంది అనుకునేవాళ్ళకి నేను న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారి పరిశోధన గుర్తుచేస్తాను. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల మీద చేసి 2013లో ప్రచురించారు. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది, చదువు లేనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. మన అవ్వల నోట్లో ఉన్న మూడు భాషలకి అంత విలువ ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

వయసు ఆధార్‌లో చూసి రాసేయకు, జనవరి ఒకటో తారీఖున పుట్టినట్టు చాలామందికి ఉంటుంది. రాయలసీమ వాళ్ళయితే 1952 కరువులో గంజి కేంద్రాల నాటికి నడిచే వయసా, కృష్ణా జిల్లా వాళ్ళయితే 1977 దివిసీమ ఉప్పెన నాటికి పిల్లలెందరు అని అడిగితే రెండు మూడేళ్ళ తేడాలో పట్టుకోవచ్చు.

రోజువారీ పనుల ప్రశ్నల్లో మగవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండు. వంట చేసుకోగలరా అంటే "నేనెప్పుడు చేశానమ్మా" అంటారు. అది చేతకానితనం కాదు. ఇలాంటి ప్రశ్నలకి మూలమైన ప్రశ్నావళిని లాటన్, బ్రోడీ అనే పరిశోధకులు 1969లో రాసినప్పుడే మగవాళ్ళకి వంట, ఇంటిపని, బట్టలు ఉతకడం లెక్కలోంచి తీసేశారు. అలాగే బ్యాంకు పని ఆవిడ ఎప్పుడూ చేయలేదు, మొగుడు చేయనివ్వలేదు. చేయలేకపోవడానికీ చేయకపోవడానికీ వేరే కోడ్లు ఉండాలి. ముందు చేసేవారా, ఎప్పటి నుంచి మానేశారు అని అడిగితేనే అసలు సంగతి తెలుస్తుంది.

సమ్మతి పత్రం గురించి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పాలి, చదవలేనివాళ్ళు వేలిముద్ర వేస్తే మీ ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి ఉండాలి, ఎప్పుడైనా మానుకోవచ్చని చెప్పాలి. జ్ఞాపకం బాగా తగ్గినవాళ్ళకి బదులుగా ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టినా సరే, ఆ మనిషిని కూడా అడుగు. మొహం తిప్పుకుంటే, లేచి వెళ్ళబోతే అదే వద్దనడం. ఇంకొకటి, మనవాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళకి సంతకం అంటే ఆస్తి భయం. కాగితం మీద సంతకం పెట్టి పొలం పోగొట్టుకున్న కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. కంగారు పెట్టకు, కాగితం ఇంట్లో ఇచ్చి రా, కొడుకుతో చదివించుకోమను, మర్నాడు వెళ్ళు.

మీ లెక్కలో ఎవరు పడరో కూడా ఆలోచించాలి. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు ఊళ్ళో ఉండే పెద్దవాళ్ళని బెంగళూరు సర్వేవాళ్ళు ఊరివాళ్ళనుకుంటారు, ఊళ్ళో సర్వేవాళ్ళు బెంగళూరు వెళ్ళారని రాసుకుంటారు. రెండు చోట్లా లేకుండా పోతారు. వాళ్ళ మందుల చీటీ ఒక ఊళ్ళో, బీపీ చూసే డాక్టర్ ఇంకో ఊళ్ళో. వైద్యం మధ్యలో తెగిపోయేది వీళ్ళకే, పరిశోధనలో కనిపించనిదీ వీళ్ళే. ఎవరిని ఇంటి సభ్యులుగా లెక్కించాలన్న నియమం రాసేటప్పుడే ఈ మాట లేవనెత్తు. ఆంధ్రలో వృద్ధాప్య పెన్షన్ 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు, ఒకటో తారీఖున ఇంటి దగ్గర ఇస్తారు. దాని కోసం నెలాఖరున మెజెస్టిక్‌లో మదనపల్లె బస్సెక్కే పెద్దవాళ్ళు ఉంటారు. రెండో విడత కలవాల్సిన తేదీలు ఆ రోజుల్లో పెట్టుకుంటే తలుపు తాళం చూసి వస్తావు. ఊళ్ళోవాళ్ళ ఫోన్ నంబరు కూడా అడిగి, వాళ్ళు ఒప్పుకుంటేనే రాసుకో.

చూసుకునేవాళ్ళ సంగతి. జరిట్ ప్రశ్నావళిలో 22 ప్రశ్నలుంటాయి, చూసుకోవడం ఎంత భారంగా ఉందో కొలుస్తాయి. వాటిని అత్తగారి ముందు కోడలిని అడగడం ఇద్దరికీ అన్యాయం. జీతానికి ఉండే అటెండెంట్ అమ్మాయిల్ని అయితే సాధారణంగా ఎవరూ అడగరు. ఆ పెద్దాయన ఎంత తిన్నారు, ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు ఏడ్చారు అన్నది ఆ అమ్మాయికి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆమెకీ నడుం నొప్పి ఉంటుంది, నిద్ర ఉండదు. ఆమెకొక చిన్న ఫారం ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

భరించలేని మాటలు కూడా వింటావు. చచ్చిపోతే బాగుండు అన్న మాట మామూలుగా అనేస్తారు మన పెద్దవాళ్ళు, కానీ మామూలే అని వదిలేయకు. అదే రోజు మీ సూపర్‌వైజర్‌కి చెప్పు. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416, పెద్దవాళ్ళ సహాయానికి ఎల్డర్‌లైన్ 14567, బెంగళూరు పోలీసులు నైటింగేల్స్ ట్రస్టుతో కలిసి నడిపే 1090, ఈ మూడు నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో, కన్నడలో అచ్చు వేయించి దగ్గర పెట్టుకో. ఇల్లు రాయించుకుని బయటికి పంపేశారంటే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకి 2007లో వచ్చిన చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళే దారి ఉంది. అయితే వెళ్ళాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం, నీ ఆవేశంతో నువ్వు ముందుకి తోయకూడదు. నీ మనసులో పేరుకున్నది కూడా ఎవరికో ఒకరికి చెప్పుకో. నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే.

బీపీ చూస్తే అంకె ఒక చీటీ మీద రాసి ఇచ్చి రా. కూర్చోబెట్టీ చూడు, నిలబెట్టి మూడు నిమిషాల్లోపూ చూడు. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే డాక్టర్‌కి చూపించమని చెప్పు. కళ్ళు తిరిగి పడిపోవడానికి అదొక కారణం, మందులు కాస్త మారిస్తే చక్కబడేది కూడా. పరిశోధన ఫలితం ఎప్పుడో వచ్చేదాకా ఆగకుండా ఆ ఇంటికి ఆ రోజే అందే మేలు అది. పని అయ్యాక తేలిన విషయాలు అపార్ట్‌మెంట్ మీటింగ్ హాల్లోనో గుడి ఆవరణలోనో ఆ పెద్దవాళ్ళకే చెప్పే రోజొకటి ఉండాలి. బడ్జెట్‌లో దానికి ఇప్పుడే డబ్బు పెట్టమను. చివర్లో అడిగితే ఉండదు.

మీ ప్రశ్నాపత్రం తెలుగు ప్రతి పైలట్ (ముందు చిన్నగా చేసి చూసే సర్వే) మొదలయ్యే ముందు నాకు వాట్సాప్‌లో పంపు. మన వీధిలో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళకి చదివి వినిపించి, ఎక్కడ ఆగిపోతున్నారో రాసి ఆదివారంలోగా తిప్పి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ